సూది వద్దన్న రోజు



మా పెద్ద మనవరాలు ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. ఆదివారం గుడికి కొత్తగా వచ్చినవారు ఎవరైనా చూసి, పోలియోనా అని అడుగుతారు. కాదంటాము. పుట్టుకతోనే అట్లా ఉందా అంటారు. అదీ కాదంటాము. ఆ పైన మాట మార్చేస్తాము. ఇట్లా ఏడేండ్లు గడిపాము. మొన్న స్త్రీల కూడికలో నెలలు నిండిన ఒక చెల్లెలు, "పుట్టగానే బిడ్డకు వేసే ఆ సూది వద్దని మా అత్తగారు అంటున్నారమ్మా, ప్రార్థన చేయండి" అని విన్నవించుకున్నది. ఆ రాత్రి ఇంటికి వచ్చి మేమిద్దరము చాలాసేపు మాట్లాడుకోలేదు. ఉదయానికి, ఈ సంగతి దాచిపెట్టడం ఇక తప్పు అనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది కొమరోలు. మాలో ఒకరము పలకా బలపం పట్టించే బడిపంతులు ఉద్యోగం చేసి దిగిపోయాము, ఇంకొకరము ఇల్లు, ఆదివారపు బడి చూసుకుంటూ వచ్చాము. మాకు ఒక్కతే కూతురు. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, 2018 ఆగస్టులో గిద్దలూరులో ఒక ఆసుపత్రిలో పురుడు పోసుకున్నది. బిడ్డ మూడు కేజీలకు కాస్త తక్కువ. మంచి ఏడుపు, మంచి రంగు. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాము.

మా వియ్యపురాలు చాలా భక్తిగలామె. ఆమె వెళ్లే సహవాసంలో మందు మింగరు, సూది వేయించుకోరు. జ్వరమొచ్చినా ప్రార్థనే. అటువంటి సహవాసాలు మన ప్రాంతంలో అక్కడక్కడ ఉన్నాయని మీకు తెలిసినదే. అమ్మాయికి బీపీ పెరిగినందువలన పురుడు ఆసుపత్రిలో పోయించడానికి ఆమె అతికష్టం మీద ఒప్పుకున్నది. బిడ్డ పుట్టి గంట అయిందో లేదో, నర్సు చిన్న సూదితో వచ్చి, "విటమిన్ కె అండి, తొడకు వేస్తాము, రక్తస్రావం రాకుండా" అన్నది. వియ్యపురాలు లేచి నిలబడింది. "పుట్టి గంట కాలేదు, అప్పుడే సూదేందమ్మా? తల్లిపాలలో దేవుడు అన్నీ పెట్టి పంపినాడు. అందులో ఏం తక్కువైందని?" అని అడిగింది.

అల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. అతనికి తల్లి విశ్వాసమంతా లేదు గాని, ఫోనులో ఎవరో పంపిన సమాచారం ఉన్నది. ఈ సూది వల్ల పిల్లలకు రక్త క్యాన్సర్ వస్తుందని అందులో ఉన్నది. అదీ చదివి వినిపించాడు. నర్సు రెండుసార్లు ఓపికగా చెప్పి చూసింది. పెద్ద డాక్టరమ్మ కూడా వచ్చి చెప్పింది. చివరకు ఒక కాగితం తెచ్చారు. మాకు అన్నీ తెలియజెప్పినారు, మేమే వద్దన్నాము అని అందులో వ్రాసి ఉన్నది. అల్లుడు కలం కోసం జేబులు తడుముకుంటుంటే మా జేబులోది తీసి ఇచ్చాము.

మరి మేమేమి అనుకున్నామంటే, మేము వద్దనలేదు. వేయమనీ అనలేదు. మాకు సూదుల మీద వ్యతిరేకత లేదు. బడి పిల్లలకు టీకాలు వేసే రోజున వరుసలో నిలబెట్టి, ఏడ్చేవారిని ఊరడించి వేయించినవాళ్లమే. అయితే వియ్యాలవారి ముందు, అందులోనూ తొలికాన్పు నాడు, అడ్డు మాట్లాడితే అమ్మాయికి కష్టమవుతుందని భయపడ్డాము. "వదినగారూ, ఒక్క సూదే కదా" అన్నమాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మా ఊళ్లల్లో దీనిని మర్యాద అంటారు.

పన్నెండో రోజున బొడ్డు ఊడింది. గుడ్డకు రెండు రోజులు నెత్తురు మరక అంటుతూనే ఉన్నది. పసుపు అద్దాము. నాలుగో వారంలో వీపు మీద బొటనవ్రేలంత నీలి మచ్చ కనబడింది. ఉయ్యాల కర్ర తగిలి ఉంటుందనుకున్నాము. తర్వాత ముక్కులోనుండి ఒక చుక్క నెత్తురు. వేడి చేసిందన్నారు. ఈ మూడింటినీ ఎవరూ ఒకచోట చేర్చి చూడలేదు. ఇట్లాంటి చిన్న చిన్న రక్తపు మరకలు కొందరు పిల్లలలో పెద్ద ప్రమాదానికి ముందు హెచ్చరికలుగా కనబడతాయని మాకు తర్వాత తెలిసింది. కొందరిలో అవి కూడా ఉండవట, ఒక్కసారే తలలోనే మొదలవుతుందట.

ముప్పది ఎనిమిదో రోజు సాయంత్రం బిడ్డ పాలు వదిలేసింది. ఏడుపు మారింది. ఆ ఏడుపును ఎట్లా చెప్పాలో తెలియదు, సన్నగా, గాజు గీసినట్టుగా ఉన్నది. మాడు మీద చెయ్యి పెడితే మెత్తగా ఉండవలసింది ఉబ్బి గట్టిగా తగిలింది. రాత్రి ఎనిమిది దాటాక ఎడమ చెయ్యి, ఎడమ కాలు కొట్టుకోవడం మొదలైంది. ప్రక్కింటి అవ్వ వచ్చి, "చురకలు పెట్టియ్యండయ్యా, తగ్గిపోతది" అన్నది. ఫిట్సుకు, పసికర్లకు పసిబిడ్డల కడుపు మీద చురకలు పెట్టించే వాడుక మన దిక్కు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ ఒక్క మాటకు మాత్రం మేము గట్టిగా అడ్డు చెప్పాము. నెత్తురు గడ్డకట్టని బిడ్డకు చురక పెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు పుడుతుంది.

108కి ఫోను చేసాము. గిద్దలూరులో డాక్టరు చూసిన వెంటనే, ఇక్కడ ఆలస్యం చేయవద్దు, కర్నూలు తీసుకుపొమ్మన్నాడు. గిద్దలూరు దాటి నంద్యాలకు పోవాలంటే నల్లమల ఘాటు దారే. పగలు చూస్తే ఎంత అందంగా ఉంటుందో, ఆ రాత్రి అంత పొడవైనది మేము ఎక్కడా చూడలేదు. మలుపు మలుపుకూ అమ్మాయి బిడ్డను ఒళ్లో అదిమి పట్టుకునేది. వియ్యపురాలు ఎదురుగా కూర్చుని పెదవులు కదుపుతూనే ఉన్నది. ఆమెతో కూడ మేమూ ప్రార్థన చేసాము. ఆ ప్రార్థనలో మేమొకటి, ఆమె ఒకటి అడిగామని అనుకోము.

తెల్లవారుతుండగా కర్నూలులో పిల్లల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "పుట్టినప్పుడు విటమిన్ కె వేసారా?" అని. మందు పేరు అడగలేదు, జ్వరం ఉన్నదా అని అడగలేదు. అల్లుడు తల వంచుకున్నాడు. మేము కూడా వంచుకున్నాము. ఆ డాక్టరు ఒక్క కఠినమైన మాట అనలేదు. నరానికి ఆ విటమినే ఎక్కించి, ప్లాస్మా తెప్పించి, తలకు స్కానింగ్ తీయించాడు. మెదడు కుడిప్రక్కన నెత్తురు చేరి ఉన్నది. తరువాత తల తెరిచి తీయవలసి వచ్చింది. పంతొమ్మిది రోజులు అక్కడే ఉన్నాము. దేవుడు బిడ్డను మాకు తిరిగి ఇచ్చాడు. కాని కుడి మెదడు దెబ్బ ఎడమ చేతికీ కాలికీ మిగిలిపోయింది. నాలుగేండ్ల దాకా ఫిట్సు మాత్రలు వాడాము.

ఆ పంతొమ్మిది రోజులలో ఒకనాడు డాక్టరు తీరికగా కూర్చుని మాకు పాఠం చెప్పాడు. మాలో ఒకరము పంతులము గనుక అది శ్రద్ధగా విన్నాము, ఇంటికి వచ్చాక దొరికినవి చదివాము. అందులో మాకు అర్థమైనంత చెబుతాము.

పాలు ఎంత ఉన్నా తోడు వేయకపోతే పెరుగు కాదు గదా. మన నెత్తురు కూడా అట్లాంటిదే. గాయమైనచోట నెత్తురు గడ్డకట్టించే పదార్థాలను కాలేయం తయారు చేస్తుంది. అందులో నాలుగు ముఖ్యమైనవి పనిచేయాలంటే విటమిన్ కె ఉండాలి. పెద్దవారికి అది తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరలలో దొరుకుతుంది, కొంత మన పేగులలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. కడుపులో బిడ్డకు తల్లినుండి మావి దాటి చేరేది చాలా తక్కువ. పుట్టిన బిడ్డ పేగులలో ఆ సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడి ఉండవు. ఇక తల్లిపాలలో ఇది లీటరుకు కొద్ది మైక్రోగ్రాములు మాత్రమే ఉంటుంది. డబ్బా పాలలో కలుపుతారు గనుక అందులో ఎక్కువ. ఈ జబ్బు ఎక్కువగా తల్లిపాలు మాత్రమే త్రాగే పిల్లలకు వచ్చేది అందుకే.

ఇది విన్నప్పుడు మా వియ్యపురాలి ముఖం చూడవలసింది. "అయితే తల్లిపాలు మానిపించాల్నా?" అని అడిగింది. డాక్టరు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. తల్లిపాలకు మించినది లేదు, ముర్రుపాలు మొదలుకొని ఆరు నెలలూ అవే ఇవ్వాలి, ఈ ఒక్క కొదువ ఒక్క సూదితో తీరిపోతుంది అన్నాడు. 1 మిల్లీగ్రాము మందు. వెయ్యి గ్రాములకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు అందులో సగం. తొడ కండలో వేస్తే అక్కడ నిలువ ఉండి మెల్లమెల్లగా ఒంటికి అందుతుందట. నోట్లో చుక్కలుగా ఇచ్చే దేశాలు కొన్ని ఉన్నాయి గాని, అవి ఒకసారి ఇస్తే చాలదు, మరల మరల ఇవ్వాలి. పొలం పనులకు పోయే తల్లికి అది కుదిరే పని కాదు. మన దేశంలో 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ నియమావళి ఇచ్చి, ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఇది వేయాలన్నది. సబ్ సెంటరులో ఏఎన్ఎం కూడా వేయవచ్చు. ఇది టీకా కాదు. మా అల్లుడు చదివి వినిపించిన దానిలో టీకా అని ఉన్నది, ఆ ఒక్క తప్పు చూచి అయినా మేము అనుమానపడవలసింది.

ఆ క్యాన్సర్ మాట ఎక్కడినుండి వచ్చిందో కూడా తెలుసుకున్నాము. 1992లో ఇంగ్లాండులో ఒక పరిశోధన అట్లాంటి సంబంధం ఉండవచ్చునని వ్రాసింది. అది గొప్ప కలకలం లేపింది. ఆ తర్వాత వేరు వేరు దేశాలలో ఇంకా ఎక్కువమంది పిల్లలను తీసుకొని చూసినప్పుడు ఆ సంబంధం కనబడలేదు. తప్పుమాట వచ్చి పాతికేండ్లు దాటినా, గిద్దలూరు ఆసుపత్రి వరండాలోకి ఫోనులో వచ్చి కూర్చున్నది. సరిదిద్దిన మాట మాత్రం రాలేదు.

చదువుకున్నవారి దేశాలలో ఇట్లా జరగదనుకోవద్దు. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రపు నాష్‌విల్ పట్టణం మనవారికి తెలిసినదే, క్రైస్తవ పుస్తకాలు, పాటలు అక్కడినుండి ఎన్నో వస్తాయి. 2013లో ఫిబ్రవరికీ సెప్టెంబరుకూ మధ్య అక్కడి వాండర్‌బిల్ట్ పిల్లల ఆసుపత్రికి నలుగురు పసిబిడ్డలు ఇదే జబ్బుతో వచ్చారు. వయస్సు 6 నుండి 15 వారాలు. ముగ్గురికి తలలోనే నెత్తురు, ఒకరికి పేగులలో. నలుగురిలో ఎవరికీ పుట్టినప్పుడు సూది పడలేదు, తల్లిదండ్రులు వద్దన్నారు. ఆ దేశపు వ్యాధుల నియంత్రణ సంస్థ విచారించగా, ఆ ప్రాంతపు పురుటి కేంద్రాలలో పుట్టిన పిల్లలలో 28 శాతం మందికి ఈ సూది వద్దన్నారని తేలింది. వారు చెప్పిన కారణాలు చదివితే మాకు మా ఇంటి మాటలే వినబడ్డాయి. క్యాన్సర్ భయం, అవసరం లేదు అన్న మాట. సూది వేయని బిడ్డకు ఆలస్యంగా వచ్చే ఈ రక్తస్రావం ముప్పు, వేసిన బిడ్డకంటే 81 రెట్లు ఎక్కువని అదే సంస్థ చెబుతున్నది. మొత్తం మీద ఇది అరుదైన జబ్బే, మేము కాదనము. సూది లేని పిల్లలలో కూడా లక్షకు కొద్దిమందికే ఇట్లా ఆలస్యంగా వస్తుంది. ఆ కొద్దిమందిలో మా బిడ్డ ఒకతె.

ఈ విటమిన్‌ను కనిపెట్టినది కోళ్లవల్లనని తెలిసినప్పుడు మాకు నవ్వు కూడా వచ్చింది. 1929 ప్రాంతంలో డెన్మార్కులో హెన్రిక్ డామ్ అనే శాస్త్రవేత్త కోడిపిల్లలకు కొవ్వు లేని మేత పెట్టి చూస్తుండగా వాటి చర్మం క్రింద నెత్తురు కారడం గమనించాడు. 1935లో ఆ కొదువైన పదార్థానికి కె అని పేరు పెట్టాడు. వారి భాషలో గడ్డకట్టడం అన్న మాటకు అది మొదటి అక్షరం. 1943 సంవత్సరపు నోబెల్ బహుమానం ఆయనకూ, అమెరికాలో ఎడ్వర్డ్ డాయిసీకీ కలిపి ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బుతో పసిబిడ్డలు పోయేవారు, ఎందుకో తెలిసేది కాదు. మన ముత్తవ్వలు పదిమందిని కని నలుగురిని పెంచినప్పుడు, పోయినవారిలో ఇట్లాంటి వారెందరో ఎవరికి తెలుసు? "మా కాలంలో ఏ సూదీ లేదు, మేము బ్రతకలేదా" అని అవ్వలు అంటే మేమిప్పుడు నెమ్మదిగా అడుగుతాము, "బ్రతకనివాళ్లు ఎంతమందవ్వా?" అని. కోపంతో కాదు. వారికే ముందు గుర్తొస్తుంది.

ఎనిమిదో దినం సంగతి కూడా చెప్పాలి. మా వియ్యపురాలు ఆసుపత్రిలో, "సున్నతి ఎనిమిదో దినమున చేయమన్నాడు గదా, ఆ దినానికి దేవుడే నెత్తురు గట్టిపరుస్తాడు" అన్నది. ఈ మాట కొందరు ప్రసంగీకులు కూడా చెప్పగా మేము విన్నాము. ఆదికాండము 17వ అధ్యాయంలో ఎనిమిదవ దినం ఉన్నది గాని, నెత్తురు గడ్డకట్టే సంగతి అక్కడ లేదు. లేనిదానిని వాక్యంలో పెట్టి చెప్పడం మంచిది కాదని మా అభిప్రాయం. పైగా ఈ జబ్బు రెండో రోజునుండి ఏడో రోజు లోపల రావచ్చు, రెండో వారం దాటి ఆరు నెలల లోపల ఎప్పుడైనా రావచ్చు. మా బిడ్డకు ముప్పది ఎనిమిదో రోజున వచ్చింది. ఎనిమిదో దినం ఎప్పుడో దాటిపోయింది.

మందు విశ్వాసానికి విరోధమా అన్నది మాకు మొదటినుండీ తెగిన సంగతే. హిజ్కియాకు అంజూరపు ముద్ద కట్టించినది ప్రవక్తే. నయమాను కథ మాత్రం ఆ రోజులలో మరల చదువుకున్నాము. ప్రవక్త చెప్పినది మరీ చిన్న పని అయినందుకు అతనికి కోపం వచ్చింది. నచ్చజెప్పి పంపినది అతని దాసులు. గిద్దలూరులో ఆ నర్సు మాకు అట్లాగే రెండుసార్లు నచ్చజెప్పింది. మేమే వినలేదు.

వేలూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడ్డర్ గారి కథ మన ఆదివారపు బడులలో చెబుతాము. ఒకే రాత్రి ముగ్గురు మగవారు వచ్చి పురుటి కష్టంలో ఉన్న తమ భార్యలకోసం ఆమెను పిలిచారు. ఆమె తండ్రి డాక్టరు, ఆయన వస్తాడంటే మగవాడు వద్దన్నారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ తర్వాత ఆమె వైద్యం చదివి 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది. ఎన్నోసార్లు పిల్లలకు ఈ కథ చెప్పి, ఆ మగవారు ఎంత మూర్ఖులో అన్నట్టు చెప్పేవాళ్లము. ఇప్పుడు అట్లా చెప్పలేకపోతున్నాము. వారికి భార్యలమీద ప్రేమ లేక కాదు. వాకిట్లో నలుగురు ఏమంటారో అన్నది కూడా ఆ రాత్రి వారితో వచ్చి నిలబడి ఉంటుంది.

మా వియ్యపురాలిని తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు. ఆమె కర్నూలులో తన మెడలోని గొలుసు అమ్మి మందులు కొన్నది. ఆపరేషన్ రోజున మంచినీళ్లు కూడా ముట్టలేదు. తన సహవాసం ఆమె విడువలేదు. సూదులంటే ఆమె మనస్సు నేటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. అయితే 2022లో మా అమ్మాయికి రెండో కాన్పు అయినప్పుడు అడ్డు చెప్పలేదు. గడప దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, బయటికి పోకుండా ఉన్నది. ఈసారి నర్సు రాకముందే అల్లుడు వెళ్లి అడిగాడు. "ఉండన్నా, బిడ్డను తుడవనియ్యండి, గంటలోపల వేస్తాము" అని ఆ అమ్మాయి నవ్వింది. వేసారు. పిల్లవాడు కెవ్వుమని, పాలు పట్టగానే ఊరుకున్నాడు. తొడమీద ఆవగింజంత నెత్తురు చుక్క, దూది పెట్టగానే ఆగింది. వియ్యపురాలు గడప దగ్గరనుండే, "ఆగిందా?" అని అడిగింది. "ఆగింది వదినగారూ" అన్నాము.

ఆ కూడికలోని చెల్లెలి అత్తగారింటికి మేమిద్దరము మొన్న గురువారం వెళ్లాము. ఆ అత్తగారు సులువుగా ఒప్పుకునే మనిషి కాదు. చాలాసేపు మా మాట వినలేదు. చివరకు మనవరాలిని పిలిచి, నడవమని చెప్పి చూపించాలా అన్న ఆలోచన కూడా మాకు వచ్చింది, సిగ్గుపడి మానుకున్నాము. బిడ్డ ఏమైనా ప్రదర్శనకు పెట్టే వస్తువా? మా కథ మాత్రం మొదటినుండి చెప్పాము, చెప్పని భాగం కూడా చెప్పాము. ఆమె, "చూద్దాంలే అమ్మా" అన్నది. కాన్పు వచ్చే నెలలో. ఆ సమయానికి ఆసుపత్రిలో ఆమె ప్రక్కన ఉండాలని మాలో ఒకరము నిర్ణయించుకున్నాము.

మనవరాలు ఇప్పుడు రెండో తరగతి. ఈ పత్రిక వచ్చిన రోజున పిల్లల పేజీ ముందు తనే చదవాలి. ఈ పేజీ కూడా ఎప్పుడో ఒకప్పుడు చదువుతుంది గనుక, పోస్టు చేయకముందు అమ్మాయికీ అల్లుడికీ చూపించాము. అమ్మాయి చదివి ఏమీ అనకుండా తిరిగి ఇచ్చింది. అల్లుడు ఒక్కచోట వ్రేలు పెట్టాడు. కాగితం మీద మేమందరము సంతకం చేసామని ముందు వ్రాసి ఉన్నాము. "అందరూ కాదు మామా, సంతకం పెట్టింది నేను. అట్లనే వ్రాయండి" అన్నాడు. ఆ వాక్యం కొట్టివేసి, కలం మేమిచ్చిన సంగతి చేర్చి వ్రాసాము.